పుట్టకముందే శాలువా

సుంకరమెట్ట సంత దగ్గర బండి ఆగేసరికి రత్నాలుకి నడుం పడిపోయింది. ప్రాణం మాత్రం ఇంకా ఉంది, అదే ఆశ్చర్యం. కొండ కింది కోట ఊరి నుంచి ఘాటీ ఎక్కిన రెండు రోజుల్లో ఆమె ఎన్నిసార్లు చచ్చిందో చెప్పలేం. మొదటి మలుపులో ఎడ్లు బెదిరి బండి లోయలోకి దొర్లింది. రెండో మలుపులో పులి అడ్డొచ్చింది. అనంతగిరి దాటాక మంచులో దారి తప్పి, మనిషి జాడ లేని అడవిలో ఆకలితో సొమ్మసిల్లారు. ఇవన్నీ ఆమె మనసులోనే జరిగాయి. బండి తోలే సోంబరుకి వీటి సంగతేమీ తెలీదు. వాడు దారి పొడుగునా చుట్ట కాలుస్తూ, ఎడ్లకి కబుర్లు చెబుతూ వచ్చాడు.

"అమ్మా, దిగు. ఎడ్లకి నీల్లు పెట్టాల," అన్నాడు సోంబరు.

"ఇక్కడ దిగితే ఏటీ అవదు కదా?"

"సంతలో ఏటవుద్ది? బేరం అవుద్ది."

దొరల మీద లేచిన పితూరీ అణిగిపోయి రెండేళ్ళు దాటింది, ఇప్పుడు మన్యంలో ఏ భయమూ లేదని మొగుడు అప్పన్న ఇంటి దగ్గర పదిసార్లు చెప్పాడు. రత్నాలు నమ్మలేదు. ఆమె ఎవరు ఏ ధైర్యం చెప్పినా నమ్మే మనిషి కాదు. అయితే ఆమె అసలు భయం దారిలో లేదు. అరకులో, కూతురి కడుపులో ఉంది.

చిట్టెమ్మకి ఇది మూడో కానుపు. మొదటి గుంటడు పుట్టింట్లో, రత్నాలు చేతుల్లోనే పుట్టాడు. అయిదు రోజులున్నాడు. రెండోది ఆడపిల్ల, ఈ కొండల్లోనే పుట్టి మూడు రోజులుంది. రెండుసార్లూ చలికాలమే. రెండుసార్లూ పెద్దలు చెప్పింది చెప్పినట్టే చేశారు. బిడ్డ కడుపులో ఉండగా బిడ్డ కోసం ఒక్క పోగు కొనలేదు, ఒక్క కుట్టు వెయ్యలేదు. పుట్టాక, పురుడు వెళ్ళేదాకా కొత్తబట్ట తగలనివ్వకూడదని, ముసలివాళ్ళు కట్టి కట్టి నలిగిన పాతకోక చింపి అందులోనే చుట్టారు. అంత జాగ్రత్తగా చుట్టిన పిల్లల్ని అవే గుడ్డల్లో మట్టిలో పెట్టారు.

ఈసారి కడుపుతో ఉన్న మనిషిని ఘాటీ గతుకుల్లో కిందికి దింపడం కుదరదని అల్లుడు మల్లేశు కబురు పంపాడు. అతను అరకులో జంగిల్ గార్డు. కూతురు రాలేకపోతే తల్లే వెళ్ళాలి కదా. నూర్పుల పని మొగుడి మీద వదిలేసి, సున్నుండలూ, ఉప్పూ, ఎండుచేపలూ, వియ్యపురాలికి పెట్టడానికి ఎర్రంచు పసుపు కోకా మూట కట్టుకుని బయల్దేరింది రత్నాలు.

సంతలో ఆమె ఏమీ కొనాలనుకోలేదు. పసుపు కొమ్ముల రాసుల్నీ, కొండచీపురు కట్టల్నీ, అడ్డాకుల బొత్తుల్నీ దాటుకుంటూ, మూట గట్టిగా చంకలో నొక్కుకుని, ఎవరైనా లాక్కుపోతారేమోనని చుట్టూ చూసుకుంటూ నడిచింది. సంత చివర ఒక కొండ మనిషి కూర్చుని ఉంది. ముక్కుకి రెండు వైపులా కమ్మీలు, మెడనిండా పూసలు. చంటిపిల్లాడి పిడికిలంత పట్టుకాయని ఎడమచేత్తో పట్టుకుని, అందులోంచి పీచు లాగుతూ, కుడిచేత్తో తొడ మీద ఒక్కసారి పామింది. పీచు దారమైపోయింది. మళ్ళీ లాగింది, మళ్ళీ పామింది.

రత్నాలు కాళ్ళు ఆగిపోయాయి.

"ఏటిది, పట్టా?"

"దసలి," అంది ఆ మనిషి. పేరు గంగ అని తర్వాత చెప్పింది. "మద్దిసెట్టు మీద పురుగు. షావుకారు ఇజీనారం అట్టుకుపోతాడు. రాజులింటిలో కడతారు."

ఆమె ముందు ఒడికి చుట్టిన దారం చిలపలు రెండు రకాలవి ఉన్నాయి. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోదానికి మెరుపు లేదు. తేనెరంగులో, నూగు నూగుగా, బద్ధకంగా పడి ఉంది. రత్నాలు ముందు మెరిసేదాన్నే చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎలగ తీత్తారు?"

"కాయలు బూడిద నీల్లల్లో ఉడకెట్టి లాగుతాం."

"ఉడకెడితే లోపల పురుగో?"

"సస్తాది," అంది గంగ, అన్నం ఉడుకుతుందన్నంత మామూలుగా.

రత్నాలు చిలపని కింద పెట్టేసి, చెయ్యి కోకకి తుడుచుకుంది. అంతదాకా ఎందుకు కొంటోందో ఆమెకే తెలీదు. చెయ్యి తుడుచుకున్నప్పుడు తెలిసింది. లోపలి ప్రాణి చచ్చిన దారం ఆ బిడ్డకి వద్దు.

"మరి ఇదో?"

"ఇది పురుగు ఎగిరిపోయిన కాయ. రెక్కలొచ్చాక కాయకి కన్నం ఎట్టుకుని పోద్ది. ఆ ఒట్టి కాయలు అడివిలో ఏరుతాం. పోగు తెగి ఉంటాది, లాగితే రాదు. ఇలగ ఒడకాల. రెండు సలికాలాలు ఒడికినాను."

"లోపల ఏదీ సావలేదు కదా?"

"సస్తే కన్నం ఎవులు పెడతారు?"

రత్నాలు ఆ చిలపని చెంపకి ఆనించుకుంది. బరువు లేదు. కాసేపటికి చెంప వెచ్చబడింది. అలాంటి పట్టు ఆమె జన్మలో ముట్టుకోలేదు. పెళ్ళికి కట్టిన కోక కూడా నూలుదే.

"ఇది అమ్మను," అంది గంగ. "నాకే ఉంచుకున్నాను."

రత్నాలు ఉప్పు ఇస్తానంది. గంగ తలూపలేదు. ఉప్పూ ఎండుచేపలూ కలిపి ఇస్తానంది. గంగ చేపల్ని వాసన చూసి, బాగున్నాయంది, మళ్ళీ ఒడకడం మొదలెట్టింది. ఆమె చూపు మాత్రం మూట మీదే ఉంది. మూట కొసన కోక ఎర్రంచు కొంచెం బయటికొచ్చి ఉంది. రత్నాలు చూసింది, గంగ చూడటం చూసింది, మూట విప్పింది.

బండి దగ్గరికి తిరిగొస్తే సోంబరు ఆమె చేతిలో చిలపల్నీ, చిక్కిపోయిన మూటనీ చూశాడు.

"ఆ కోక మీ వియ్యపురాలికన్నావు, దారంతా."

"అన్నాను."

"ఇప్పుడేటి పెడతావు?"

"నా మొహం పెడతాను. తోలు."

* * *

రత్నాలు నాన్న విజయనగరంలో ఒక మిషను బడిలో బంట్రోతుగా ఉండేవాడు. అందుకని ఆమె మూడో తరగతి దాకా చదివింది. అక్కడి దొరసాని ఆడపిల్లలకి రెండు పుల్లలతో ఊలు అల్లడం నేర్పేది. పుల్ల మీద దారాన్ని కన్నులు కన్నులుగా ఎక్కించుకోవడం, రెండో పుల్లతో ఒక్కో కన్నులోంచి దారం లాగి కొత్త కన్ను చెయ్యడం, వరస అయ్యాక తిప్పి మళ్ళీ అదే చెయ్యడం. అంతవరకూ వచ్చేసరికి పెళ్ళి కుదిరిందని బడి మాన్పించారు. పువ్వులు, ఆకులు, చేతులున్న చొక్కాలు, ఇవన్నీ ఆ తర్వాతి పాఠాలు. రత్నాలుకి ఒక్క అల్లికే వచ్చు. శాలువాకి ఒక్క అల్లిక చాలు.

జంగిల్ బంగళా వెనక, గడ్డి కప్పిన రెండు గదుల ఇల్లు మల్లేశుది. చిట్టెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు పుల్లల్లా, పొట్ట కుండలా. తల్లిని చూసి నవ్వింది గాని, కడుపు ఎలా ఉందని అడిగితే, "ఉన్నాది," అని ఊరుకుంది. ఎన్నో నెల, ఎన్నో వారం అని అడిగినా అంతే. ఊళ్ళో ఎవరో దూరపు చుట్టం గురించి చెబుతున్నట్టు మాట్లాడింది. బిడ్డ పోతుందని కూతురు ముందే ఒప్పేసుకుంది, అనుకుంది రత్నాలు. ఇంక ఆ బిడ్డకి దిక్కెవరు?

అత్త అప్పలనర్సమ్మ అరుగు మీద సారె మూట విప్పుకుంది. ఆమె గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది.

"సున్నుండలు. ఉప్పు. సేపలు. వొదినా, కోక లేదేటి?"

"ఉండేది."

"ఉండేదంటే?"

"సంతలో ఇచ్చీసినాను, వొదినా."

అప్పలనర్సమ్మ కాసేపు సున్నుండల వంక చూసింది. "ఎత్తుకుపోయారంటే ఏడుద్దును. ఇచ్చీసినానంటావేటి? ఎవులికి?"

"ఓ కొండమ్మకి. పట్టునూలు ఇచ్చింది."

"నాకు కోక పోయి నీకు పట్టు వచ్చిందన్నమాట. బాగున్నాది బేరం." అని ఒక సున్నుండ నోట్లో వేసుకుంది. "బెల్లం తక్కువయింది."

మర్నాడు రత్నాలు అల్లుడి చేత సన్నటి వెదురు పుల్లలు రెండు చీల్పించింది. వాటిని పెంకుతో గీకి, ఆముదం రాసి, అరుగు మీద ఎండలో కూర్చుని కన్నులు ఎక్కించింది. ముప్పయ్యేళ్ళయింది చేసి. మొదటి వరస మూడుసార్లు విప్పింది. నాలుగోసారి వేళ్ళు తమంతట తామే దారి పట్టాయి.

"ఏటల్లతన్నావు, వొదినా?" అప్పలనర్సమ్మ చేటతో చోళ్ళు చెరుగుతూ అడిగింది.

"శాలువా."

"ఎవులికి?"

నాకే అనేస్తే సరిపోయేది. రత్నాలు బతుకంతా అలాంటి చిన్న చిన్న అబద్ధాలతోనే గట్టెక్కింది. ఎవరికీ కోపం రాకుండా, ఏ దేవతకీ కన్నెర్ర కాకుండా. నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు.

"పుట్టబోయే గుంటకి."

చేట ఆగింది.

"వొదినా, నీకు మతి ఉన్నాదా? బిడ్డ కడుపులో ఉండగా బట్ట సేత్తారేటి ఎవులైనా?"

"నాను సేత్తన్నాను."

"సేత్తే ఏటవుద్దో తెలీదేటి నీకు?"

"సెయ్యకపోతే ఏటవుద్దో తెలుసు. రెండుసార్లు అయింది." రత్నాలు వరస తిప్పింది. "మొదటిసారి ఓ పోగైనా కొన్నామా? లేదు. రెండోసారి కొన్నామా? లేదు. పాతకోకలో సుట్టాం. సలికి ఆ గుంటడి పాదాలు నీలంగా అయిపోతంటే నా సేతుల్తో నాను పామినాను, వొదినా. పెట్టిలో కొత్త దుప్పటి ఉన్నాది. తియ్యలేదు. పురుడు ఎల్లలేదని తియ్యలేదు. ఎవుల కన్ను పడకూడదని తియ్యలేదు. ఏ కన్నూ పడలేదు. మరి ఎందుకు పోయాడు?"

"ఆడి రాత."

"రాతే అయితే నా శాలువా ఏటి సేత్తాది?"

అప్పలనర్సమ్మ గొంతు పెంచింది. "రెండో గుంటని మట్టిలో ఎట్టింది నాను. నువ్వు ఇజీనారం దగ్గిర ఉండిపోనావు. ఈ సేతుల్తో ఎట్టినాను. మళ్ళీ ఎట్టమంటే నా వల్ల కాదు." చేట అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

రత్నాలుకి అప్పుడు నిజంగా భయం వేసింది. ఆ మనిషి కోపంతో అన్నది కాదు అది. తనకున్న భయమే ఆమెకీ ఉంది. ఆమె చెప్పిందే నిజమైతే? తను అల్లుతున్న ఒక్కో కన్నూ బిడ్డని ఒక్కో అడుగు అటువైపు నెడుతుంటే? పుల్లలు పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చుని, బిడ్డ చచ్చిపుట్టినట్టూ, ఊరంతా తనని వేలెత్తి చూపినట్టూ, కూతురు తన మొహం చూడనట్టూ అన్నీ వరసగా అనుకుంది. అన్నీ అనుకోవడం అయ్యాక ఇంక భయపడ్డానికి ఏమీ మిగల్లేదు. లేచి వెళ్ళి అరుగు మీద కూర్చుని మళ్ళీ పుల్లలు పట్టింది.

సాయంత్రం మల్లేశు వచ్చి, తల్లికీ అత్తకీ సమాన దూరంలో కూర్చుని రాజీ మాట చెప్పాడు.

"అత్తా, పోనీ సగంలో ఆపీ. పూర్తి కాని బట్ట బట్ట కాదు కదా. పుట్టినాక మిగతాది అల్లీ."

"పుట్టిన గుంట సలికి ఆగుతాదేటి బాబూ, నాను అల్లడం అయ్యేదాకా? పుట్టకముందే అవ్వాల. మడత పెట్టి ఉండాల."

"అమ్మ ఒప్పుకోదు."

"మీ అమ్మని ఒప్పుకోమన్లేదు నాను. అల్లనిత్తే సాలు."

మల్లేశు అడవిలో ఎలుగుబంట్లకి కూడా ఇంత జాగ్రత్తగా దారి ఇవ్వడు. లేచి గొడ్డలికి పదును పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

చిట్టెమ్మ మాత్రం శాలువా ఉన్న వైపు చూసేది కాదు. తల్లి అరుగు మీద అల్లుతుంటే తను గోడ వైపు తిరిగి కూర్చునేది. అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున్న మంచు విడిచి ఎండ వచ్చాక, దారపు ఉండ అరుగు మీంచి దొర్లి ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చింది. వంగలేక కాలితో ఆపింది. తర్వాత మెల్లగా కూర్చుని, ఉండని తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక పొట్ట మీద పెట్టుకుంది.

"మెత్తగా ఉన్నాదే, అమ్మా."

"ఎగిరిపోయిన పురుగుల కాయలంట. ఏదీ సావలేదంట లోపల."

రత్నాలు అల్లుతోంది, దారం లాగుతోంది, ఉండ నెమ్మదిగా తిరుగుతోంది. ఉన్నట్టుండి అది ఎవరూ లాగకుండానే ఎగిరింది. లోపలి నుంచి తన్ను.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఉండ వంకే చూశారు. మళ్ళీ ఎగిరింది.

"దీనికి నచ్చలేదు కాబోలు," అంది చిట్టెమ్మ. కడుపులో బిడ్డ గురించి ఆమె తనంతట తాను ఒక మాట అనడం తల్లి వచ్చాక అదే మొదలు.

"నచ్చకేటి. ఆడుకుంటంది."

"బేగి అల్లు, అమ్మా," అంది చిట్టెమ్మ, గొంతు తగ్గించి, లోపల ఎవరికీ వినబడకూడదన్నట్టు. తర్వాత ఏమనుకుందో, వినబడేటట్టే ఇంకోసారి అంది. "బేగి అల్లీ."

* * *

శాలువా చదరంగా వచ్చింది. రెండు మూరల వెడల్పు, రెండు మూరల పొడవు. చిలపలు అయిపోయి, బెత్తెడు దారం మిగిలింది. పుల్ల మీద నూటపాతిక కన్నులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని ఊడిపోకుండా పుల్ల మీంచి దింపడం ఎలాగో రత్నాలుకి తెలీదు. ఆ పాఠం వచ్చేసరికి ఆమె బడిలో లేదు, పెళ్ళిపీటల మీద ఉంది.

పుల్ల లాగేస్తే? ఒక కొస నుంచి కొంచెం లాగి చూసింది. మూడు కన్నులు జారి, వాటి కింది కన్నులూ జారి, అల్లిక నిచ్చెనలా విడిపోవడం మొదలైంది. ఊపిరి బిగబట్టి పిన్నీసుతో వాటిని పట్టి మళ్ళీ పుల్ల మీదికెక్కించేసరికి చలిలో చెమట పట్టింది.

"ఏటయింది?" అప్పలనర్సమ్మ పక్కకొచ్చి నిలబడింది.

"దింపడం రాదు."

"నూరు రోజులు అల్లినట్టు అల్లి, దింపడం రాదా?" ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించింది. "దేవుడే ఆపీసినాడు, వొదినా. అలగే ఒగ్గీ. పుల్లలతో సహా అటక మీద ఎట్టీ. నాను ఎవులికీ సెప్పను."

రత్నాలు పుల్లల్ని, శాలువాని పొత్తిళ్ళలో బిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని లేచింది. ఆ రోజు అరకు సంత, కొండ సంతలన్నీ తిరిగే గంగ అక్కడికీ వచ్చి ఉండొచ్చు. సంత నిండా ఊరి ఆడవాళ్ళు ఉంటారు, మడత పెట్టి కొంగులో దాచుకుని వెళ్ళొచ్చు. కాని మడత పెడితే కన్నులు జారతాయి. అందుకని పరిచి పట్టుకుని, దారిలో ఎదురైన ప్రతి మనిషికీ కనబడేలా, బడిపంతులు భార్యకీ, బంగళా వంటవాడికీ కనబడేలా నడిచింది. ఎవరిదది అని నలుగురు అడిగారు. నలుగురికీ ఒకటే చెప్పింది. మా చిట్టెమ్మకి పుట్టబోయే బిడ్డది.

ఎర్రంచు పసుపు కోక దూరం నుంచే కనబడింది. గంగ దాన్ని మోకాళ్ళ పైకి బిగించి కట్టుకుని, పూసలు సర్దుకుంటోంది. శాలువాని అటూ ఇటూ తిప్పి చూసి, మొహం చిట్లించింది.

"పుల్లలతో అల్లడం నాకు తెలీదు."

"నీ బట్టకి కొస ఎలగ కడతావు? ఊడిపోకుండా?"

గంగ తన నడుముకున్న నారబట్ట కొస చూపించింది. వాళ్ళ ఆడవాళ్ళు నార తీసి, ఒడికి, తమ బట్ట తామే నేసుకుంటారు. అది రాని పిల్లని ఎవరూ చేసుకోరు. ఆ కొసలో ఒక పోగు పక్కపోగులోంచి దూరి, అది దాని పక్కదాంట్లోంచి దూరి, జడలా ఉంది.

"ఒక కన్నులోంచి పక్క కన్ను లాగు," అంది, పుల్ల తీసుకుని. "మొదటిది ఒగ్గీ. ఇంక ఎక్కడికి పోద్ది? పక్కది పట్టుకున్నాది కదా. మల్లా దాంట్లోంచి ఇంకోటి."

రెండు కన్నులు ఆమె చేసింది. మిగతావి రత్నాలు చేసింది, సంత మధ్యలో, నేల మీద కూర్చుని. చివరి కన్నులోంచి ఆ బెత్తెడు దారం లాగి బిగించింది. పుల్ల ఖాళీగా ఊడి వచ్చింది. ఆ అంచు కొంచెం ముడుచుకుపోయి, శాలువా ఒక పక్క చిన్నబోయింది. రత్నాలు లాగి చూసింది. ఊడలేదు.

ఇంటికొచ్చి దాన్ని అటక మీద పెట్టలేదు, పెట్టెలో పెట్టలేదు. కుంకుడు నీళ్ళలో జాడించి, వాకిట్లో దండెం మీద ఆరేసింది. అప్పలనర్సమ్మ ఆ పూట తిండి తినలేదు.

* * *

ఆరు రోజుల తర్వాత, తెల్లవారి మంచు ఇంకా విడవకముందే చిట్టెమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని దేముడమ్మ వచ్చి, ఇద్దరు వియ్యపురాళ్ళనీ చూసి, మీరిద్దరూ మాట్లాడుకోవద్దు, నీళ్ళు కాచండి చాలు, అంది. ఊళ్ళో అందరికీ అప్పటికే శాలువా కథ తెలుసు.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళకి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. చిన్నది, మరీ చిన్నది. ఏడవలేదు. దేముడమ్మ పాదాల మీద కొట్టింది, వీపు పామింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది. రత్నాలు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేనే చంపాను, అనుకుంది. అల్లి అల్లి చంపాను. అప్పలనర్సమ్మ ఆమె వైపు చూడలేదు. చూస్తుందేమోనని రత్నాలు కళ్ళు మూసుకుంది.

అప్పుడు పిల్లికూన కూసినంత గొంతుతో బిడ్డ ఏడ్చింది.

"బట్ట ఇయ్యండి," అంది దేముడమ్మ.

అప్పలనర్సమ్మ ముందుకొచ్చింది. చేతిలో తన పాతకోక ముక్క. ఉతికి, ఎండలో ఆరబెట్టి, చేత్తో నలిపి నలిపి మెత్తగా చేసింది. ఆమె కూడా ఇన్నాళ్ళూ సిద్ధమవుతూనే ఉంది, తన పద్ధతిలో. రత్నాలు కళ్ళు తెరిచి, శాలువా పట్టుకుని ఇటువైపు నుంచి వచ్చింది.

"పురుడు ఎల్లలేదు, వొదినా. కొత్తబట్ట తగల్నియ్యను."

"సలి పురుడు ఎల్లేదాకా ఆగదు."

"ఇది నా ఇల్లు."

"అది నా కూతురు కన్న బిడ్డ."

"నా కొడుకు బిడ్డ కాదేటి?"

"ఏదో ఒకటి ఇయ్యండి," అంది దేముడమ్మ. "గుంట సల్లబడిపోతంది."

ఎవరూ జరగలేదు. చాప మీంచి చిట్టెమ్మ మాట వినబడింది. నీరసంగానే ఉంది, కాని తడబాటు లేదు.

"అత్తా, నీది తుడవడానికి. అమ్మది కప్పడానికి. ఆ రెండూ ఇటియ్యండి."

అప్పలనర్సమ్మ కోడలి మొహం చూసింది. ఆ ఇంటికి వచ్చిన అయిదేళ్ళలో కోడలు ఆమెతో ఇది చెయ్యి అని చెప్పడం అదే మొదటిసారి. పాతకోక ముక్క దేముడమ్మ చేతికిచ్చింది. దేముడమ్మ బిడ్డని పొడిగా తుడిచి, తేనెరంగు శాలువాలో చుట్టి, తల్లి రొమ్ము మీద పెట్టింది. ముడుచుకున్న అంచు సరిగ్గా బిడ్డ తల చుట్టూ వచ్చి టోపీలా పట్టింది.

ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. రత్నాలు ఏ పని చేస్తున్నా చెవి పురిటిగది వైపే ఉండేది. బిడ్డ ఏడిస్తే ఏదో అయిందనుకునేది, ఏడవకపోతే అయిపోయిందనుకునేది. మూడో రోజు వచ్చింది. ఆ రోజు అప్పలనర్సమ్మ పొద్దున్నించీ గుమ్మంలో కూర్చుని కదల్లేదు. మధ్యాహ్నం లోపలికి వెళ్ళి, శాలువా కింద చెయ్యి పెట్టి బిడ్డ పాదాలు పట్టుకు చూసింది.

"ఎచ్చగానే ఉన్నాయి," అంది, ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు.

నాలుగో రోజు బిడ్డ పాలు సరిగ్గా పట్టలేదు. అయిదో రోజు పొద్దున్నా అంతే. రత్నాలు గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగిపోయేది. ఆ రోజుని ఆమె ఇంతకుముందే ఒకసారి బతికింది. దాని ప్రతి ఘడియా తెలుసు. ఈ వేళకి ఆ మొదటి గుంటడి పెదాలు ఎండాయి, ఈ వేళకి కళ్ళు నిలబడ్డాయి. పొద్దు కుంకే వేళకి లోపల్నించి చిట్టెమ్మ పిలిచింది. రత్నాలు వెళ్ళలేదు. అప్పలనర్సమ్మే వెళ్ళింది. తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏటి?" అంది రత్నాలు.

"తాగుతంది. దూడలాగ తాగుతంది. రెండో రొమ్ముకి మార్చమని పిలిసింది, నువ్వు ఎల్లలేదు." తర్వాత, "ఆ నూలు బాగానే ఉన్నాది," అంది.

శాలువా కాపాడిందో, ఈసారి పాలు బాగా పడ్డాయో, గాలి మారిందో రత్నాలుకి తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆరో రోజు పొద్దున్న ఎండ గట్టిగా వచ్చింది. పురిటాలు పదకొండో రోజుదాకా గడప దాటకూడదు. చిట్టెమ్మ దాటింది. బిడ్డని శాలువాలో చుట్టి భుజాన వేసుకుని, అరుగు దిగి, వాకిట్లో నిలబడింది. ఎండ కోసం కాబోలు అనుకుంది రత్నాలు. చిట్టెమ్మ వాకిట్లో ఆగలేదు. కంచె తలుపు తీసుకుని, బంగళా ముందున్న రోడ్డు మీదికి నడిచింది. ఎడ్లబళ్ళు వస్తున్నాయి, పొలాలకి వెళ్ళే జనం వస్తున్నారు. ఒకరిద్దరు ఆగి చూశారు. చిట్టెమ్మ శాలువా అంచు తీసి బిడ్డ మొహం వాళ్ళకి చూపించింది.

రోడ్డు మీద దుమ్ము. బెదిరే ఎడ్లు. మీద గెద్ద తిరుగుతోంది. చూసిన ప్రతి మనిషికీ రెండేసి కళ్ళు. పచ్చి బాలింత, కళ్ళు తిరిగి పడితే బిడ్డ కింద పడుతుంది. రత్నాలు పిలవాలని నోరు తెరిచింది.

అప్పలనర్సమ్మ వెనక నుంచి వచ్చి పక్కన నిలబడింది. "పిలు, వొదినా. నా మాట ఎలాగూ ఇనదు. నువ్వు పిలిస్తే ఇంటాది."

"ఇంటాది," అంది రత్నాలు, గుమ్మాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని. "అందుకే పిలవను."